ఖాళీగా తిరిగొచ్చిన పళ్లెం

బడి గేటు దగ్గర రెప్పచూపరి ముందుకు రవళి వంతు వచ్చేసరికి ఎనిమిదిన్నరైంది. మిగతా పిల్లలందరిలాగే ఆ పదిహేనేళ్ల పిల్ల కూడా ఎడమకంటి కిందిరెప్పను వేలితో లాగి పట్టుకుంది. అద్దం వెనకనుంచి సన్నటి కాంతి రెప్ప లోపలి ఎరుపును చూసి, ఒంట్లో నెత్తురెంతుందో తేల్చి, తక్కువుందని మణికట్టు పట్టీకి పసుపు రంగు పూసింది. వరసగా ఇది పదమూడో వారం పసుపు. "లోహధాతువు మోతాదు పెంచడమైనది" అని రెప్పచూపరి మర్యాదగా చెప్పింది. అది ఎవరితోనైనా మర్యాదగానే మాట్లాడుతుంది.

రక్తపాలిక వచ్చి పన్నెండేళ్లయింది. పద్దెనిమిదేళ్ల లోపు ఏ బిడ్డా నెత్తురు తక్కువై వాడిపోకూడదని పెట్టిన వ్యవస్థ అది. ఎవరి ఒంటికి ఎంత ఇనుము కావాలో రెప్పచూపరి చూస్తుంది. పాకయంత్రం ఆ కొలతతోనే ఎవరి పళ్లెం వారికి వండుతుంది. తిన్నాక పళ్లెం తూకపుబల్ల మీదికి వెళ్తుంది. మిగిలిన మెతుకుల బరువును బట్టి ఎవరెంత తిన్నారో పాలికకు తెలుస్తుంది. బొగ్గుగనులు మూతబడి నలభై ఏళ్లయిన ఆ ఖని పట్నంలో కూడా పిల్లల బుగ్గలు నిండాయి. ఈ మాట ఒప్పుకోవాలి. మంచిపనిని చెడ్డదనడం ఈ కథ ఉద్దేశం కాదు.

కాకపోతే ఒకటుంది. వెనకటికి బడి వంటశాలలో గంగాళం అడుగున ఎంతో కొంత మిగిలేది. వండేవాళ్లూ గిన్నెలు తోమేవాళ్లూ మధ్యాహ్నం పూట ఆ మిగులుతోనే కడుపు నింపుకునేవారు. పాకయంత్రం గ్రాము తేడా లేకుండా వండడం మొదలుపెట్టాక గంగాళమే పోయింది, ఇక అడుగెక్కడిది? పాలిక కంటికి పెద్దవాళ్లు ఆనరు. పళ్లేలు కడిగే ఓదెమ్మ ఆకలి దాని పరిధిలోకి రాదు.

"అమ్మ పెట్టా పెట్టది, అడుక్క తినా తిననియ్యది. గిదే గీ మిషిని కథ," అనేది ఓదెమ్మ నవ్వుతూ. నవ్వేది గానీ మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆమె కాళ్లు వణికేవి.

ఓదెమ్మ రవళి తల్లి. భర్త పోయాక కూతుర్ని కళ్లముందు ఉంచుకుని చదివించాలని ఆ బడిలోనే పనికి కుదిరింది. ఇంట్లో పొద్దున చాయ, రాత్రి ఇద్దరికీ కలిపి ఇంత అన్నం. అంతకుమించి వాళ్ల పొయ్యి మండేది కాదు.

ఆ రోజు మధ్యాహ్నం కూడా రవళి పళ్లెం సగంతో తిరిగొచ్చింది. తోటకూర పప్పన్నం, బెల్లం కలిపిన రాగిముద్ద, అర గుడ్డు. నాలుగు నెలలుగా ఇదే తంతు. ఇనుము కలిపిన తిండి వాసన పడక వదిలేస్తోందని ఓదెమ్మ అనుకుంది. మిగిల్చిన పిల్లల్ని పిలిచి సంజాయిషీ అడుగుతారు, ఆ బాధ బిడ్డకెందుకని కూడా అనుకుంది. అన్నిటికంటే ముందు ఆమెకు ఆకలిగా ఉంది. గోడవైపు తిరిగి నాలుగు ముద్దల్లో పళ్లెం ఖాళీ చేసి, ఆ తర్వాతే తూకపుబల్ల మీద పెట్టింది. బిడ్డ ఎంగిలి తల్లికి ఎంగిలి కాదు. ఆమె తల్లీ అలాగే తిన్నది, తల్లి తల్లీ అలాగే తిన్నది. పిల్లలు వదిలింది పారబోసిన ఆడది ఆ ఇంట్లో పుట్టలేదు. బల్ల మీద "పూర్తిగా భుజించినది" అన్న అక్షరాలు పచ్చగా వెలిగాయి.

మర్నాడు రెండో అంతస్తు మెట్ల మీద రవళి కుప్పకూలింది.

ఆసుపత్రిలో పాలిక తన నిర్ణయం చెప్పడానికి క్షణం పట్టలేదు. ఈ బిడ్డ పెట్టింది పెట్టినట్టు తింటోంది. ఇనుము రెట్టింపు అందుతోంది. అయినా నెత్తురు పడిపోతోంది. కాబట్టి లోపం ఎముకల మజ్జలో ఉంది. విరేచనం నల్లగా అవుతున్నది ఇనుము మందు వల్లనే. రేపు ఉదయం నుంచి పాత మజ్జను మాడ్చి కొత్తది ఎక్కించే చికిత్స మొదలు. తూకాలు నిజమైతే ఆ తర్కంలో వంక పెట్టడానికేమీ లేదు.

డాక్టర్ తబస్సుమ్‌కు మాత్రం మనసొప్పలేదు. యాభై దాటిన ఆవిడ, చేత్తో పొట్ట నొక్కి చూసి వైద్యం నేర్చుకున్న ఆఖరి తరం మనిషి. ఓదెమ్మను వరండాలోకి పిలిచింది.

"ఓదెమ్మా, నిజం చెప్పు. పిల్ల కడుపుల నొస్తదని ఎన్నడన్న అన్నదా? అన్నం మంచిగ తింటదా?"

నియమాలు ఓదెమ్మకు తెలుసు. తూకం తప్పించిన మనిషిని పనిలోంచి తీసేస్తారు. అదైనా ఫరవాలేదు. అలాంటి తల్లి దగ్గర బిడ్డను ఉంచరు. ఎక్కడో మూడు వందల కిలోమీటర్ల అవతల కాపలా వసతిగృహానికి పంపేస్తారు. కడుపు చించుకుంటే కాళ్లమీదే పడుతుంది.

"మంచిగనే తింటది మేడం," అంది.

"పళ్లెం మొత్తం?"

"మొత్తం."

రవళికి నెత్తురు ఎక్కిస్తున్నంతసేపూ ఓదెమ్మ మంచం పక్కనే కూర్చుంది. ఎన్నోసార్లు లేచి తలుపుదాకా వెళ్లి వెనక్కి వచ్చింది. బిడ్డ దూరమైపోతుందన్న భయం, బిడ్డే పోతుందేమోనన్న భయం కంటే దగ్గరగా కనిపించింది ఆమెకు. పిచ్చితల్లి.

తెల్లవారి మంచాన్ని చికిత్స గదివైపు కదిలిస్తుండగా రవళి వాంతి చేసుకుంది. కాఫీపొడి కలిపినట్టు నల్లటి వాంతి. ఓదెమ్మ పరుగెత్తి తబస్సుమ్ చేతులు పట్టుకుంది.

"మేడం, అది తినలే. నాలుగు నెలల సంది సగమే తింటున్నది. మిగిలింది నేను తిన్న. నేనే తిన్న మేడం. తూకం అంత అబద్ధం."

తబస్సుమ్ ఆమెను ఒక్క చూపు చూసింది. తిట్టడానికి సమయం లేదు. చికిత్స ఆపించి, చివర కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని రవళి కడుపులోకి దించింది. లోపల రెండు పుళ్లు. ఒకటి నెత్తురు కారుతూనే ఉంది. పుండు అంచున గీరి తీసిన చెమ్మలో మెలితిరిగిన క్రిమి దొరికింది. పసితనంలో ఎవరి చేతిముద్దతోనో, ఏ నీళ్లతోనో కడుపులో చేరి ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉండే పాత శత్రువు. అది కడుపులోని ఆమ్లాన్ని తగ్గించి ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పుండు చేసి, ఉన్న నెత్తుర్ని కూడా కార్చేస్తుంది. ఎంత ఇనుము పెట్టినా చిల్లికుండలో పోసిన నీళ్లే.

నెత్తురు ఆగేసరికి మధ్యాహ్నమైంది. తబస్సుమ్ అలసిపోయి బయటికొచ్చింది.

"పళ్లెం సగం మిగిలితే మొదటి వారంలనే పాలిక ఈ క్రిమిని పట్టే ఊపిరి పరీక్ష పెట్టేది. పావుగంట పని. రెండు వారాల గోళీలు. నాలుగు నెలలు దాని కండ్లకు నువ్వే గంతలు కట్టినవ్ ఓదెమ్మా," అంది. అన్నాక అనకుండా ఉండాల్సిందని ఆవిడకే అనిపించింది.

మూడో రోజుకు రవళి మాట్లాడగలిగింది. తబస్సుమ్ మంచం మీద కూర్చుని అడిగింది. "గింత నొప్పుంటే ఎవరికన్న చెప్పొద్దా బిడ్డా?"

"చెప్తే పథ్యం పళ్లెం ఇస్తరు మేడం. అది చిన్నగుంటది. మా అమ్మకేం మిగుల్తది?"

తెర అవతల ఓదెమ్మ ఆ మాట విన్నది. నొప్పితో తినలేక వదిలేసిందనే మూడు రోజులుగా ఏడుస్తోంది. తినగలిగిన రోజుల్లో కూడా తన కోసమే వదిలిందని అప్పుడు తెలిసింది. పళ్లెంలో గుడ్డును ఎప్పుడూ సరిగ్గా సగానికి తుంచి ఉంచేది ఆ పిల్ల. ఓదెమ్మ తెరకు వీపు తిప్పింది. చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పాలికకు కక్ష లేదు, జాలీ లేదు. నియమం ఉంది. ఓదెమ్మను పనిలోంచి తీసేశారు. రవళి నడవగలిగిన రోజే కాపలా వసతిగృహం బండి వచ్చింది. తబస్సుమ్ రెండుసార్లు విన్నవించుకుంది. రెండుసార్లూ మర్యాదగా జవాబొచ్చింది.

రెండు నెలల తర్వాత తబస్సుమ్ ఓదెమ్మ గది వెతుక్కుంటూ వచ్చింది. చేతిపలక మీద పాలిక నివేదిక చూపించి చదివింది. క్రిమి లేదు. పుండు మానింది. ఆకలి ఉంది. పళ్లెం ప్రతిపూటా సగం మిగులుతోంది. నెత్తురు మళ్లీ తగ్గుతోంది. కారణం తెలియరాలేదు.

"దానికి తెలువది. నాకూ నీకూ తెలుసు," అంది తబస్సుమ్. "రవళితోని అయిదు నిమిషాలు మాట్లాడనిస్తమన్నరు. నువ్వు కడుపునిండ తింటున్నవని చెప్పు. నీ మాటైతే నమ్ముతది."

ఓదెమ్మ ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. లేచి ముఖం కడుక్కుంది. తల దువ్వుకుంది. చేతిపలక మీద రవళి కనిపించింది. పిల్ల మెడ ఎముకలు బయటికి తేలాయి.

"సగం ఇడుస్తున్నవట," అంది ఓదెమ్మ.

"తింటున్ననే."

"గాడ ఎవలున్నరు బిడ్డా నువ్వు ఇడిసింది తినేటందుకు? పారవోస్తరు. మొత్తం తిను. నా రంది పెట్టుకోకు. నేనీడ మంచిగ తింటున్న. ఇయ్యాల గుడ్డు గూడ తిన్న."

రవళి తల్లి ముఖాన్ని కాసేపు చూసింది.

"ఎవరి పళ్లెంల?" అని అడిగింది.

అయిదు నిమిషాల్లో ఇంకా మూడు మిగిలే ఉన్నాయి. ఆ మూడు నిమిషాలూ ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు.