గోదావరి వంతెన మీద కంచు యక్షిణి

క్యూరేటర్ సుదర్శన్‌రావు కరీంనగర్ మ్యూజియంలో తన సీట్లోనే చనిపోయాడు. టీలో సైనైడ్!

మర్నాడే ఏజెంట్ పర్శరాములుకు హైదరాబాద్ నుంచి పిలుపు. 1965 సెప్టెంబర్. సరిహద్దులో యుద్ధం నడుస్తోంది.

"మ్యూజియంలోని కంచు యక్షిణి ఢిల్లీ ఎగ్జిబిషన్‌కు వెళుతోంది. విదేశీ ముఠా ఒకటి దానిమీద కన్నేసింది" అన్నాడు చీఫ్ దయాకర్‌రావు. "పెట్టె వెంట నువ్వుండాలి. ఢిల్లీలో దాన్ని అందుకోవడానికి వచ్చిన ముఠావాణ్ణి పట్టుకోవాలి. అంతవరకు పెట్టె సీలు తియ్యడానికి వీల్లేదు."

"ముఠాలో మనవాళ్లున్నారా సార్?"

"ఒకరున్నారు. ఎవరో సుదర్శన్‌రావుకే తెలుసు. ‘మెట్‌పల్లి ఖద్దరు దొరుకుతదా?’ అన్నది కోడ్."

మ్యూజియం అటెండరు వేషంలో పర్శరాములు పెద్దపల్లిలో రైలెక్కాడు. రైలు చివర గార్డు పెట్టెలో, విగ్రహం ఉన్న చెక్కపెట్టె పక్కనే కూర్చున్నాడు. విగ్రహానికి తోడుగా బొంబాయి నుంచి వచ్చిన కళానిపుణురాలు ప్రమోదిని ఫస్ట్ క్లాసులో ఉంది. నీలం షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు. పక్కన మార్టిన్ అనే తెల్లదొర.

రామగుండంలో ఇద్దరూ దిగారు. రైలు కదిలింది. హఠాత్తుగా ప్రమోదిని పరుగెత్తుకొచ్చి గార్డు పెట్టెలోకి దూకింది.

"మెట్‌పల్లి ఖద్దరు దొరుకుతదా?" అంది రొప్పుతూ. "పెట్టెల ఉన్నది నకలు. లోపల టైంబాంబు! పదకొండు నలభైకి పేలుతది. గోదావరి వంతెన పోతే మిలిటరీ రైళ్లన్నీ బంద్!"

"గిప్పుడా చెప్పేది?"

"బాంబని నాకు గిప్పుడే తెలిసింది. మార్టిన్ నన్ను ఈడ దిగిపొమ్మన్నడు."

సుదర్శన్‌రావు చచ్చేముందే ఆ కోడ్ ముఠాకు చిక్కి ఉంటే? సీలు తీయించడానికే ఈ నాటకమైతే? పర్శరాములు ఆమె కళ్లలోకి చూశాడు. కళ్లద్దాలు ఎక్కడో పడిపోయాయి. అరికాలు చీరుకుపోయి రక్తం కారుతోంది.

అతను సీలు పగలగొట్టాడు. మేకులు ఒక పట్టాన రాలేదు. చివరి చెక్క ఊడేసరికి పదకొండు ముప్పై ఎనిమిది. తాళంచెవితో యక్షిణి నడుము మీద కొట్టాడు. ఖంగుమంది!

అతని తండ్రి కంచుపని చేసేవాడు. అసలు యక్షిణిలా నిండుగా పోసిన విగ్రహం అట్లా మోగదని పర్శరాములుకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఇది గుల్ల!

గార్డు హనుమండ్లు బ్రేకు పిడి అందుకున్నాడు.

"ఆపకు! వంతెన మీదనే ఆగుతది!" అని అరిచాడు పర్శరాములు.

చక్రాల చప్పుడు మారింది. కింద ఎర్రటి వరద. పర్శరాములు, ప్రమోదిని విగ్రహాన్ని చెరోవైపు ఎత్తి తలుపు దగ్గరికి తెచ్చారు. వంతెన ఇనుప గర్డర్ ఒకటి వెనక్కి పోయింది. ఇంకొకటి పోయింది.

"ఇప్పుడు!"

రెండు గర్డర్ల సందులోంచి యక్షిణి నీళ్లలో పడింది. ప్రవాహం లాక్కుపోయింది. చివరి పెట్టె వంతెన దాటుతుండగా, వెనక దూరంగా నది తాటిచెట్టెత్తు లేచింది. వంతెన చెక్కుచెదరలేదు.

ప్రమోదిని గోడకు చేరగిలబడింది. పర్శరాములు ఆమె పక్కనే కూర్చున్నాడు.

"అసలు విగ్రహం?"

"మ్యూజియంలనే, నకళ్ల బీరువల దాచిన. అసలుదని మార్టిన్‌కు ఇచ్చింది ఇంకో నకలు."

మంచిర్యాల స్టేషన్ నుంచి ఫోన్ వెళ్లింది. సాయంత్రంలోగా మార్టిన్‌కు సంకెళ్లు పడ్డాయి.

హనుమండ్లు మాత్రం ఖాళీ పెట్టె ముందు తల పట్టుకున్నాడు. "నేను పరేషాన్ అయితున్న సార్! పార్సిల్ ఏమైందని రాయాలె?"

"గోదావరిల దిగిపోయిందని రాయి."

"గక్కడ స్టేషన్ లేదుగద సార్!"

"అందుకే దూకింది."