ఏ నీళ్ళ కొర్రమీను

ఏలూరు చేపల మార్కెట్లో జుబేర్ కొట్టు ముందు ఆ ఉదయం నిలబడ్డ అమ్మాయి రేటు అడగలేదు.

"ఏవండీ, ఈ కొర్రమీను ఏ నీళ్ళలోదండీ?"

జుబేర్ తొట్టిలోంచి తలెత్తాడు. పన్నెండేళ్ళుగా చేపలు అమ్ముతున్నాడు. నడిచి వచ్చే తీరు చూసి ఎవరు కొంటారో, ఎవరు బేరమాడి వెళ్ళిపోతారో చెప్పగలడు. ఈ అమ్మాయి ఆ లెక్కల్లో దేనికీ అందలేదు. చేతిలో సంచి లేదు. భుజాన బ్యాగు, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు.

"కొల్లేరు నీళ్ళదండీ. చూడండి, ఎలా ఎగురుతోందో."

"కొల్లేరులో ఎక్కడిది? మురుగు కాలువ కలిసే వైపా, మంచినీళ్ళ వైపా?"

"ఎక్కడిదైతే ఏముందండీ, పులుసులోకి?"

"నాకు పులుసుకి కాదండీ. పేగులు కావాలి. వాటిలో పురుగులుంటాయి కదా?"

ఆమె గొంతు చిన్నదేం కాదు. పక్కనే చేప తూయించుకుంటున్న పెద్దాయన చాచిన సంచిని వెనక్కి తీసుకున్నాడు. "పురుగులా?" అని ఒక్క మాట అని పక్క కొట్టుకి నడిచాడు. ఆయన వెనకే ఇంకో ఇద్దరు.

"మీకు నేనేం అన్యాయం చేశానండీ?" అన్నాడు జుబేర్.

"అయ్యో, సారీ అండీ. ఆ పురుగు పేగులోనే ఉంటుంది. శుభ్రం చేస్తే పేగుతోపాటే పోతుంది."

"ఆ ముక్క ముందు చెప్పాలి కదండీ."

"ముందు పేగులంటే మీరు నన్ను నిలబడనిచ్చేవారా?"

నిలబడనిచ్చేవాడు కాదు. ఆ సంగతి జుబేర్ మనసులోనే ఒప్పుకున్నాడు. ముగ్గురు కొనేవాళ్ళు పోయినా ఆ జవాబుకి కోపం నిలవలేదు.

ఆమె పేరు మునీరా. తివాచీలు నేసే అయాజ్ గారి అమ్మాయి. కాలేజీలో జువాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. కొర్రమీను పేగుకి తలమీది కొక్కేలతో వేలాడే ఒక పురుగు ఉంటుందట. మురికి నీళ్ళలో బతికే చేపల్లో ఆ పురుగు క్రోమోజోములు మారుతున్నాయా అన్నది ఆమె పరిశోధన. పురుగు ప్రాణంతో దొరికితేనే కణాలు విడిపోతుండగా పట్టుకోగలదు. చచ్చిన చేప ఆమెకి పనికిరాదు.

"చేపలో పురుగు, పురుగులో కణం, కణంలో క్రోమోజోము. అంత లోపలికి వెళ్ళి ఏం లెక్కపెడతారండీ?"

"ఆడ పురుగుకి ఎనిమిది ఉండాలి. మగ పురుగుకి ఏడు."

"మగవాళ్ళకి ఒకటి తక్కువా?"

"పురుగుల్లోనండీ. మీ సంగతి ఇంకా చూడలేదు."

బేరం కుదిరింది. ప్రతి శనివారం మూడు మురుగు కాలువ చేపలు నీలం బకెట్లో, మూడు పెదపాడు దగ్గరి మంచినీటి చెరువు చేపలు తెల్ల బకెట్లో. పట్టి తెచ్చేది కొల్లేరు మీద వల వేసే ఏసోబు. అందించేది జుబేర్.

నాలుగు నెలలు గడిచాయి. శనివారాలు జుబేర్ ఇస్త్రీ చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాడు.

"మిగతా రోజుల చేపలు ఏం పాపం చేశాయి, అబ్బాయిగారూ?" అన్నాడు ఏసోబు.

"నీ పని నువ్వు చూసుకో బాబాయ్."

"చూస్తూనే ఉన్నాను. ఆ అమ్మాయి వచ్చిందంటే మీరు తక్కెడ తలకిందులుగా పట్టుకుంటున్నారు."

ఆమె వచ్చినప్పుడల్లా వాన కూడా వచ్చేది. రేకుల కింద నిలబడి ఇద్దరూ టీ తాగేవారు. ఆమె స్లైడ్ల గురించి చెప్పేది, అతను గిరాకీల గురించి చెప్పేవాడు. వాన తగ్గాక కూడా ఇంకాసేపు ఆగేవారు. అలా ఆగడం వల్ల తనకి పోయేదేమిటో జుబేర్ ఎంత లెక్కేసినా తేలలేదు.

ఒక శనివారం ఆమె టీ వద్దంది.

"నా పని పోయిందండీ. క్రోమోజోములు విరిగిన పురుగులు మంచినీళ్ళ చేపల్లోనూ ఉన్నాయి. మురుగు చేపల్లో బాగున్నవీ ఉన్నాయి. ఏ తేడా లేదు. టాపిక్ మార్చుకోమంటున్నారు మా గైడ్. మూడేళ్ళు పెట్టానండీ దీనిమీద." కళ్ళద్దాలు తీసి చున్నీతో తుడుచుకుంది. "రెండు బకెట్లూ వేరువేరుగానే ఉంచారు కదండీ?"

"ఉంచాన..." అనబోయి జుబేర్ ఆగిపోయాడు.

కొర్రమీను పక్కనున్న చిన్న కొర్రమీనుని బతకనివ్వదు. కరుస్తుంది, వీలైతే మింగుతుంది. అందుకే చేప అమ్మేవాడి చెయ్యి పెద్దదాన్నీ చిన్నదాన్నీ ఒక తొట్టిలో ఉండనివ్వదు. ఏసోబు తెచ్చిన బకెట్లలో పెద్దవీ చిన్నవీ కలిసి కనబడ్డప్పుడల్లా జుబేర్ పెద్దవాటిని నీలం బకెట్లోకి, చిన్నవాటిని తెల్ల బకెట్లోకి మార్చాడు. ఆమెకి ఒక్క చేప కూడా దెబ్బతినకుండా చేరాలని మార్చాడు. ఇంత జాగ్రత్తగా ఎవరిస్తారని లోపల గర్వపడ్డాడు కూడా. బకెట్లు వేరుగానే ఉన్నాయి. చేపలే కలిసిపోయాయి.

జుబేర్ ఆ నిమిషంలో రెండు పక్కలా తూచి చూశాడు. ఉంచానంటే ఆమె వచ్చే శనివారం కూడా వస్తుంది, కానీ మూడేళ్ళ పని పోయిందనుకుంటూ వస్తుంది. ఉంచలేదని చెప్తే ఆ పని బతకొచ్చు, ఆమె మాత్రం రాదు. తేలిక పక్క ఏదో తెలుస్తూనే ఉంది. తనకి నష్టమొచ్చే పక్కే బరువుగా ఉంది.

"లేదండీ," అన్నాడు. "నేనే కలిపాను." జరిగింది మొత్తం చెప్పాడు.

మునీరా కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది.

"తొంభై ఆరు చేపలండీ," అంది. "కాలువ చేప బాగా బలుస్తుందని కూడా రాసుకున్నాను." గొడుగు కొట్టులోనే మరిచిపోయి వానలోకి నడిచింది.

తర్వాతి శనివారం ఆమె రాలేదు. జుబేర్ గొడుగు పట్టుకుని కాలేజీకి వెళ్ళాడు. ల్యాబులో ఆమె గైడ్ సరోజ మేడమ్ ఉన్నారు. మునీరా కిటికీ దగ్గర మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు.

"మీరు చెప్పకపోతే మాకెప్పటికీ తెలిసేది కాదు," అన్నారు సరోజ మేడమ్.

"అందుకే వచ్చానండీ. మళ్ళీ మొదటినుంచి పట్టిస్తాను. ఒక్కో చేపకి ఒక్కో క్యాను. దానికి రేకు బిళ్ళ. పడవలో నేనే కూర్చుంటాను. పట్టిన చోటే మూత పెడతాను, మీ టేబుల్ మీదే తీస్తాను. మధ్యలో నా చెయ్యి కూడా లోపలికి వెళ్ళదండీ."

మేడమ్ ఒక కాగితం ముందుకు లాక్కున్నారు. "బిళ్ళ మీద ఊరు వద్దు, నంబరే వెయ్యండి. ఏ నంబరు ఏ నీళ్ళదో కాగితం మీద రాసి నాకివ్వండి, బీరువాలో పెడతాను. మునీరా తెలియకుండా లెక్కపెడుతుంది. అప్పుడు ఎవరూ వేలెత్తి చూపలేరు."

"నాకు పని కావాలండీ," అంది మునీరా కిటికీ వైపు నుంచి. "టీలు, కబుర్లు వద్దు."

"సరేనండీ."

ఆ సరే మూడు వారాలు నిలిచింది. నాలుగో వారం ఆమే మైక్రోస్కోపు దగ్గర పక్కకి జరిగి చోటిచ్చింది. అద్దంలో ఊదారంగు ముక్కలు, నలిపి పడేసిన దారప్పోగుల్లా ఉన్నాయి.

"లెక్కపెట్టండి."

"ఎనిమిది."

స్లైడు మార్చింది. జుబేర్ రెండుసార్లు లెక్కపెట్టాడు. "ఎనిమిది... కాదు, తొమ్మిదండీ. ఒకటి నడిమికి విరిగింది." స్లైడు అంచున నంబరు చూశాడు. అది ఏ నీళ్ళదో అతనికి తెలుసు.

"చెప్పరా?" అంది మునీరా.

"బీరువాలో ఉందండీ."

"మీ ముఖం చూస్తే తెలిసిపోతుందేమో."

"అయితే చూడకండి."

"అది కుదరడం లేదు," అని ఆమె వెంటనే స్లైడు మీదికి వంగిపోయింది. జుబేర్ ఆ రోజు కాలేజీ నుంచి మార్కెట్టుకి నడిచే వచ్చాడు. క్యాన్లు తెచ్చిన వ్యాను కాలేజీ దగ్గరే ఉండిపోయిందని కొట్టు తెరిచాక గుర్తొచ్చింది.

ఆరు నెలల తర్వాత బీరువా తెరిచారు. మేడమ్ ఒక్కో నంబరు చదువుతుంటే మునీరా తన పుస్తకంలో ఎదురుగా రాసుకుంటూ పోయింది. పేజీ నిండింది. లెక్క తప్పిన కణాలు చెరువు చేపల పురుగుల్లో అక్కడొకటి ఇక్కడొకటి. కాలువ చేపల పురుగుల్లో వరసగా ఉన్నాయి. మూడేళ్ళుగా ఆమె అనుకున్నది నిజం.

"గెలుపు నీదే," అన్నారు సరోజ మేడమ్. జుబేర్‌కి అది తన గెలుపు కాదని తెలుసు. అయినా తను తెచ్చిన ఏ సరుకూ ఇంత విలువ చెయ్యలేదనిపించింది.

తాడేపల్లిగూడెంలో సెమినారు. మునీరా స్టేజీ మీద ఇరవై నిమిషాలు తడబడకుండా మాట్లాడింది. వెనక వరసలో జుబేర్, అతని పక్కన అయాజ్ గారు. చివర్లో ముందు వరస నుంచి ఒక ప్రొఫెసరు లేచారు.

"మార్కెట్ నుంచి తెచ్చిన చేపలంటున్నారు. ఏ నీళ్ళవో అమ్మేవాడి మాట మీద నమ్మారా?"

"ఆయన ఇక్కడే ఉన్నారండీ," అంది మునీరా. "ఆయన్నే అడగండి."

హాలంతా వెనక్కి తిరిగింది. జుబేర్ లేచి నిలబడ్డాడు.

"మొదటి తొంభై ఆరు చేపలు నేను కలిపేశానండీ. అవి లెక్కలోంచి తీసేశారు. తర్వాత ప్రతి చేపా నా కళ్ళముందు పట్టిందే, ఏ రోజు ఏ గట్టు దగ్గర పట్టామో అడగండి, చెప్తాను. ఇప్పుడు నా కొట్టులో కూడా ప్రతి తొట్టి మీదా ఏ నీళ్ళదో రాసి పెడుతున్నాను. కాలువ చేప తినడానికి అమ్మడం మానేశాను. ఆవిడ లెక్క చూశాక చేతులు రాలేదండీ."

ప్రొఫెసరు కూర్చున్నారు. "ఈ మాట కూడా మీ పేపర్లో రాయండమ్మా," అన్నారు. చప్పట్లు మునీరాకే కొట్టారు. అందరికన్నా చివర్లో ఆపింది జుబేరే.

సాయంత్రం స్టేషన్లో బెంచీ మీద ముగ్గురూ ఏలూరు బండి కోసం కూర్చున్నారు. అయాజ్ గారు కళ్ళు మూసుకున్నట్టే ఉండి అడిగారు.

"తివాచీలో తప్పు ముడి పడితే నునుపుగా కత్తిరించి అమ్మేవాళ్ళే ఎక్కువ. మీరెందుకు చెప్పారు బాబూ?"

"మీ అమ్మాయి దగ్గర తప్పు తూకం వెయ్యలేకపోయానండీ." జుబేర్ వ్యాపారంలో మొదటి మాట ఎప్పుడూ అవతలివాళ్ళ చేత అనిపించేవాడు. ఈసారి ఆగలేదు. "ఆమెని పెళ్ళి చేసుకోవాలనుందండీ. మీరు ఒప్పుకుంటే మా అమ్మని మీ ఇంటికి పంపిస్తాను."

"నన్నడుగుతారేం? కంటికి కనబడని వాటిని తేల్చే మనిషి పక్కనే కూర్చుంది."

మునీరా పట్టాల వైపు చూస్తూ చెప్పింది. "ఆ రోజు వానలో తడిసి ఇంటికెళ్ళి ఏడ్చాను. అబ్బాజాన్ ఏమైందని అడిగారు. నా పనంతా పాడైంది, పాడు చేసినవాడు తనే ఒప్పుకున్నాడు, అలాంటివాణ్ణి నేనింతవరకు చూడలేదు అన్నాను."

"మూడు రోజులు అదే చెప్పింది," అన్నారు అయాజ్ గారు. "మీ అమ్మగారిని శుక్రవారం నమాజు అయ్యాక రమ్మనండి."

బండి వచ్చింది. ఎక్కేటప్పుడు మునీరా తన స్లైడ్ల పెట్టె జుబేర్ చేతికిచ్చింది.

"అద్దం ముక్కలు. కదిలించకండి."

కిటికీ పక్క సీటు దొరికినా జుబేర్ బయటికి చూడలేదు. భీమడోలు దాటింది. ఏలూరు దీపాలు కనబడ్డాయి. పెట్టె ఒళ్ళోనే ఉంది, అతని రెండు చేతులూ దానిమీదే ఉన్నాయి.