నల్లదారం కట్టని ముక్క

పొద్దున్నే టైలరమ్మ మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఆ రోజు ఫిల్మ్ క్లబ్బు వాళ్లు ఆయన తీసిన ఏడు సినిమాలనూ మధ్యాహ్నం నుంచి వరసగా వేస్తున్నారు. అవి ఏ హాల్లోనూ ఆడినవి కావు. గోడౌన్లలో దుప్పటి కట్టి తెలిసినవాళ్లకు చూపించుకున్నవి. వాటిలో కథంటూ ఏమీ ఉండదు, అన్నీ కలలే. మంచం మీద వాన కురుస్తుంది, అలమర తెరిస్తే సముద్రం ఉంటుంది. సముద్రమంటే మరేం కాదు, టైలరమ్మ దగ్గర మిగిలిన నీలం లైనింగు గుడ్డ. వీధిలోవాళ్లు ఆయన్ని డైరెక్టరుగారూ అని పిలిచేది సగం వేళాకోళానికే. ఇప్పుడేమో కుర్రకారు వచ్చి ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడుతున్నారు.

"ఏమోయ్, నా కళ్లజోడు చూశావా?"

"మీ నెత్తిమీదే ఉంది."

తీయడం వరకే ఆయన పని. ముక్కలు అతికించేది టైలరమ్మ, కుట్టుమిషను బల్ల మీదే. ఆయనకో చిట్కా ఉంది. కెమెరాను తలకిందులుగా పట్టుకుని తీస్తాడు. ఆ ముక్కను చివర మొదలుగా తిప్పి అతికిస్తే, తెరమీద మనుషులు నిటారుగానే ఉంటారు కాని వెనక్కి నడుస్తారు, ఒలికిన నీళ్లు మళ్లీ బకెట్లోకి ఎక్కుతాయి. అలా తిప్పాల్సిన ముక్కకు ఆయన నల్లదారం కట్టి ఇస్తాడు. దారం లేకపోతే ఉన్నదున్నట్టు అతికించాలి. అన్నేళ్లలో టైలరమ్మ ఆ పద్ధతి తప్పింది ఒక్కసారే.

ఆ ఒక్కసారీ ఇవాళ మెడకు చుట్టుకునేలా ఉంది. కూతురు పాత ఫిల్ములు బాగుచేసే చోట పనిచేస్తుంది. నెలరోజులుగా తండ్రి సినిమాలు ముందేసుకుని కూర్చుంది. మూడు రోజుల నుంచి తల్లితో ముక్తసరిగా తప్ప మాట్లాడటం లేదు.

"అమ్మా, ఒకసారి వెనకగదిలోకి రా," అంది కూతురు.

టైలరమ్మ ఇస్త్రీ పెట్టె ఆపి, ఆపిందో లేదో మళ్లీ చూసుకుని వెళ్లింది.

"మూడో సినిమాలో ఒకావిడ పెట్టె పట్టుకుని వెనక్కి నడుచుకుంటూ ఇంటికొస్తుంది. అందరూ ఆహా ఓహో అనే ముక్క. నాన్న నోటుపుస్తకంలో నల్లదారం ముక్కలన్నీ రాసున్నాయి. ఇది లేదు. అంటే ఆవిడ రావడం లేదు, పోతోంది. ఆవిడ నువ్వే కదూ?"

"షూటింగులో నడవమంటే నడిచి ఉంటానే."

"డబ్బా మీద తేదీ ఉందమ్మా. నాకు జ్వరం తగ్గిన మర్నాడు. ఆ రోజు షూటింగే లేదు. మెట్లమీద గౌనులో నిలబడ్డ పిల్లని నేను. నాకప్పుడు నాలుగేళ్లు."

టైలరమ్మకు ఇంక బుకాయించే ఓపిక లేకపోయింది. బల్ల అంచు పట్టుకుని కూర్చుంది.

"కల సీను కోసం నిన్ను గంటసేపు చన్నీళ్లలో నిలబెట్టారు మీ నాన్న. ఒళ్లు కాలిపోయింది నీకు. మూడు రాత్రులు కంటిమీద కునుకు లేదు నాకు. జ్వరం తగ్గగానే ఆయన మళ్లీ కెమెరా తుడుచుకుంటూ కనిపించారు. చూసేసరికి ఒళ్లు మండిపోయింది. పెట్టె సర్దుకుని బయల్దేరాను."

"నన్ను వదిలేసి."

"అవును. అబద్ధం చెప్పనే. ఆ క్షణాన నువ్వు కూడా గుర్తు రాలేదు. వీధి చివరికి వెళ్లాక ఇస్త్రీ పెట్టె ఆపానో లేదో అని అనుమానం వచ్చింది. వెనక్కొచ్చాను. నువ్వింకా మెట్లమీదే ఉన్నావు."

"ఇస్త్రీ పెట్టె కోసం వచ్చావన్నమాట."

టైలరమ్మ బల్లమీది దారం ముక్కలు ఏరింది.

"వెళ్లేదాన్ని ఆపకుండా ఆయన మేడమీంచి సినిమా తీశారు," అంది. "ఆ ముక్క నా బల్లమీదికొచ్చింది. డబ్బా మీది తేదీ చూసే పోల్చుకున్నాను. వెలుతురుకెత్తి చూడటానికి ధైర్యం చాల్లేదు. దారం లేకపోయినా తిప్పి అతికించేశాను. నేను పోయినట్టు నువ్వెప్పటికీ చూడకూడదనుకున్నాను."

"తప్పుగా అతికిన ముక్కను అలాగే వదిలేయడం నావల్ల కాదమ్మా. ఇవాళ సరిగ్గా పడుతుంది." కూతురు సంచి భుజానికేసుకుని హాలుకు వెళ్లిపోయింది.

హాలు నిండిపోయింది. టైలరమ్మకు మొదటి రెండు సినిమాలూ కంటికి ఆనలేదు. ఇంతమంది ముందు తను బిడ్డను వదిలి పోతుంది. పోతే పోనీ, లోకం ఏమన్నా పడొచ్చు. కాని ఆ రీలు తిప్పే చెయ్యి తన కూతురిదే. పిల్ల ఇక తనను అమ్మా అని ఎలా పిలుస్తుంది?

మూడో సినిమా మొదలైంది. మెట్లు, మెట్లమీద గౌను పిల్ల. టైలరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వీధి చివర్నుంచి పెట్టె పట్టుకున్న మనిషి వెనక్కి, వెనక్కి నడుచుకుంటూ ఇంటి వైపే వచ్చింది. ఎప్పటిలాగే.

లైట్లు వెలిగాక కూతురు వచ్చి పక్క సీట్లో కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మాట్లాడింది మాత్రం తండ్రితో.

"నాన్నా, పొద్దున హాలుకొచ్చాక ఆ ముక్కను విప్పి, తీసిన వరసలోనే వేసి చూశాను. ఇల్లు, వీధి, అమ్మ, నేను అందరం తలకిందులుగా పడ్డాం. మామూలుగా తీసి ఉంటే, అమ్మ తిప్పి అతికించాక తలకిందులవ్వాలి. ఇన్నేళ్లూ నిటారుగానే పడింది. ఆ రోజు కెమెరా తిరగేసి పట్టుకున్నావు కదూ?"

డైరెక్టరుగారు కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"పిల్లను నీళ్లలో నిలబెట్టినవాణ్ణి. ఆగమని చెప్పే మొహం నాకెక్కడిది? నాకు చేతనైంది అదొక్కటే. తిరిగొస్తున్నట్టు తీసుకున్నాను."

"మరి దారం ఎందుకు కట్టలేదు?" అడిగింది టైలరమ్మ.

"కడితే నేను రమ్మన్నట్టవుతుంది. అది నీ ఇష్టం కావాలి కదా."

ముప్ఫై ఏళ్లు తానొక్కతే అబద్ధం ఆడానని లోలోపల కుమిలిపోయింది ఆ మనిషి. తీరా చూస్తే ఆ అబద్ధం సగం ఆయనదే. టైలరమ్మ మరి ఆపుకోలేక అంతమందిలోనూ భోరుమంది. కూతురు ఆవిడ తలను తన భుజానికి ఆనించుకుంది.

"అమ్మా."

"ఊఁ."

"ఇంతకీ ఆ రోజు ఇస్త్రీ పెట్టె?"

టైలరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఆపే వెళ్లానే," అంది.