ఎనభై ఎడమ చేతులు

ఆ ఇంట్లో అన్ని గదులూ మంచివే. వంటగదిలో తిరగొచ్చు, మేడ మీద తిరగొచ్చు, సామాన్ల కొట్లో గంటలకొద్దీ దాక్కోవచ్చు. ఒక్క నేలమాళిగ జోలికి మాత్రం పోవద్దనేవాళ్ళు. ఒంటరిగా ఆ మెట్లు దిగి, మళ్ళీ పైకొచ్చినవాడి గొంతు కాసేపు సరిగా పలికేది కాదు.

ఇల్లంటే నిజం ఇల్లు కాదులెండి. ఫోన్లో ఆడే ఆటలోని ఇల్లు. ఆట పేరు ఇంటిదొంగ. అయితే మాత్రం ఏం? భయపడ్డానికి ఇటుకలతో కట్టిన గోడలే కావాలా?

ఈ సంగతి నాకు చెప్పింది ఒక కటింగ్ మాస్టరు. కోట్లూ చొక్కాలూ కుట్టే షెడ్డులో బట్ట కోసే పని ఆయనది. ఇరవై ఏళ్ళ చెయ్యి. అబద్ధాలాడే మనిషి కాదు. జన్మానికి ఒక్కటంటే ఒక్కటి ఆడాడు... దాని గురించే ఈ కథ.

రాత్రి తొమ్మిదిన్నరకి, అన్నాలు తిన్నాక, షెడ్డులో పనిచేసే ఆరేడుగురు ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని ఆటలోకి వచ్చేవాళ్ళు. పాత మేడ. తలా ఒక దీపం. తలా కాసిని పనులు — కిటికీలు మూయడం, గడియారానికి కీ ఇవ్వడం, అలాంటివి. వాళ్ళలో ఒకడు దొంగ. ఎవడో వాడికి తప్ప ఎవరికీ తెలీదు. ఎవరైనా ఒంటరిగా దొరికితే దీపం ఆర్పేసి, ఏమీ ఎరగనట్టు నలుగురిలో కలిసిపోతాడు. అప్పుడు మిగిలినవాళ్ళు హాల్లో చేరి, వాదించుకుని, చేతులెత్తి, ఎవరో ఒకర్ని బయటికి గెంటుతారు.

దీపం ఆరినా, గెంటేసినా నీడ అయిపోతారు. నీడకి ఇల్లంతా వినిపిస్తుంది, నోరు మాత్రం ఉండదు. పేరూ కనపడదు. అసలు మిగతావాళ్ళ కంటికి నీడ కనిపించేది ఒక్క నేలమాళిగలోనే.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మాస్టరు పట్టేవాడు. "ముందు వేలు చూపించినవాణ్ణే ముందు అనుమానించండి" అనేవాడు. "తప్పు చేసినవాడికి తొందరెక్కువ." నాలుగు ప్రశ్నలు అడిగేసరికి దొంగ నీళ్ళు నమిలేవాడు. మాస్టరు ఎవరి పేరు చెప్తే వాళ్ళ మీదికి అందరి చేతులూ లేచేవి.

సరే, ఆ రాత్రి ఏమైందంటే — ఆట అప్పుడే మొదలైంది. ఎవరి దీపమూ ఆరలేదు. బటన్లు కుట్టే పెద్దాయన, గుండీల బాబాయి అంటారు, కిందికి దిగి, అంతలోనే హాల్లోకి తిరిగొచ్చాడు.

"ఒరేయ్... ఎవర్రా పోయింది?"

"ఇంకా ఎవరూ పోలేదు బాబాయ్. అందరం ఇక్కడే ఉన్నాం."

"మరి... కింద నిలబడిందెవరు?"

ఒక్కొక్కరే దిగి చూసొచ్చారు. ఉంది.

మర్నాడూ ఉంది. ఆ మర్నాడూ ఉంది. గోడ మూల, కదలకుండా, ఒకే ఒక్క నీడ.

అందరూ దాన్ని ఆటలో ఏదో లోపం అనుకున్నారు. మాస్టరు కూడా పైకి అదే అన్నాడు. కానీ ఆయనకి తెలుసు... అది కనిపిస్తున్నది, వాళ్ళతో కలిసి ఆడే మార్కింగ్ అక్క షెడ్డు విడిచి వెళ్ళిన రాత్రి నుంచీ.

అక్క కథ చెప్పాలంటే ముందు బట్ట సంగతి చెప్పాలి. బట్టకి ముఖం ఉంటుంది, వెనక ఉంటుంది. కోసేటప్పుడు పొర మీద పొర పరుస్తారు. ఈ షెడ్డులో పద్ధతి ఏమిటంటే, మాస్టరు ఒక పొర ముఖం పైకి, ఒక పొర ముఖం కిందికి పరుస్తాడు. అక్క పైపొర మీద సుద్దతో కోటు చెయ్యి ఒక్కటే గీస్తుంది. కత్తి మిషన్ దింపితే సగం పొరలు కుడి చేతులూ సగం ఎడమ చేతులూ అవుతాయి. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది. ఆయన పరచడం, ఆమె గీయడం. మాట కూడా అక్కర్లేదు.

ఒకరోజు మాస్టరుకి నిద్ర చాల్లేదు. ముందు రాత్రి ఇదే ఆట రెండింటిదాకా ఆడాడు. ఆవలిస్తూ ఎనభై పొరలు పరిచాడు. అన్నీ ముఖం పైకే. అక్క వచ్చి ఎప్పట్లాగే ఒక్క చెయ్యి గీసి వెళ్ళింది. ఆయన కోశాడు.

ఎనభై చేతులు. ఎనభైయీ ఎడమవే.

నలభై కోట్లు కుట్టి ఇవ్వాల్సిన ఆర్డరు. ఆ రంగు ప్రత్యేకంగా అద్దించిన బట్ట, ఇంకో గజం దొరకదు. కుట్టేవాళ్ళు చేతుల జతలు కలపబోయి తెల్లమొహాలు వేశారు. ఓనరమ్మ వచ్చింది. "ఎవరిదీ పని?" అంది, మెల్లగానే.

ఆమె మాట పూర్తికాకుండానే మాస్టరు వేలు లేచింది. "అన్నీ ఒకే వైపు పరుస్తున్నా, ఈసారి కుడీ ఎడమా రెండూ గియ్యమని అక్కకి ముందే చెప్పానమ్మా. మర్చిపోయినట్టుంది." ఆ తర్వాత, అలవాటైన నోరు కదా, ఒకటొకటిగా పేర్చుకుంటూ పోయాడు. పొద్దున్న ఆలస్యంగా రాలేదూ? మధ్యలో ఫోన్ మాట్లాడలేదూ? పరధ్యానంగా లేదూ?

"మీరు నాకు చెప్పలేదు మాస్టారూ" అంది అక్క. ఒక్కసారే అంది.

ఓనరమ్మ చుట్టూ చూసింది. "మీరేమంటారు?" అని అడిగింది. హాల్లో చేతులెత్తే అలవాటు... అందరి చూపులూ అక్క మీదికే వెళ్ళాయి. అక్క మెడలోని టేపు తీసి, చుట్ట చుట్టి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మనిషి వెళ్ళింది గానీ, మాట ఆమెకంటే ముందే ఊరంతా పాకింది. పని అడగడానికి వెళ్తే ఇంకో రెండు షెడ్ల వాళ్ళు గుమ్మంలోంచే పంపేశారట. ఫోన్ చేస్తే మోగుతుంది, ఎవరూ ఎత్తరు.

అలా తొమ్మిది రోజులు గడిచాయి. ఆ సాయంత్రం ఓనరమ్మ చెప్పింది, రేపట్నించి మార్కింగ్‌కి కొత్త మనిషి వస్తున్నాడని. అంటే, ఈ రాత్రి గడిస్తే అక్కకి ఈ షెడ్డులో ఇక చోటు లేదు. మాస్టరుకి అన్నం సయించలేదు. ఇప్పుడే వెళ్ళి ఓనరమ్మకి చెప్పేస్తే? చెప్తే ఇరవై ఏళ్ళ పరువు ఏం కాను? వెళ్దామని చొక్కా వేసుకుని, మళ్ళీ విప్పి కొక్కేనికి తగిలించాడు. చివరికి తొమ్మిదిన్నరకి ఫోను తీశాడు.

మొదటి ఆటలో బాబాయి దీపం ఆరింది. అందరూ హాల్లో చేరారు.

"ఇస్త్రీ చెల్లే" అన్నాడు మాస్టరు. "మెట్ల దగ్గర ఉన్నానంది. అటు నేనే వచ్చాను, లేదు. ఇంతసేపూ మాట్లాడని మనిషి ఇప్పుడెందుకు ఇంత గట్టిగా మాట్లాడుతోంది?"

"నేను కాదన్నయ్యా! నిజంగా నేను కాదు..." షెడ్డులో ఇస్త్రీ చేసే అమ్మాయి అది. ఆట అయినా సరే, గొంతు వణికింది.

చేతులు లేచాయి. ఆమెని గెంటేశారు. తెర మీద అక్షరాలు పడ్డాయి — ఈమె దొంగ కాదు.

"అదేంటి మాస్టరూ, నువ్వు కూడా తప్పుతావా!" అని ఎవరో నవ్వారు. మాస్టరు నవ్వలేదు. నేను కాదు అన్న మాట నిజమైనప్పుడు ఎలా ఉంటుందో ఆయనకి బాగా తెలుసు. తొమ్మిది రోజుల కిందటే విన్నాడు.

ఆట ముగిశాక, ఇంకోటి మొదలయ్యేలోపు ఇస్త్రీ చెల్లి మెల్లగా అంది. "అన్నయ్యా, ఇవాళ అక్క ఇంటికెళ్ళా. తాళం వేసుంది. పక్కింటావిడని అడిగితే ఏదో చెప్పబోయి... తలుపేసుకుంది."



రెండో ఆట మొదలైంది. ఆయనకి పడిన పని చూసుకున్నాడు — నేలమాళిగలో కిటికీ మూయాలి.

ఒక్కో మెట్టూ దిగాడు. ఇంట్లో కూడా చడీచప్పుడూ లేదు. పక్కగదిలో భార్య నిద్రపోయింది. చెవుల్లో తన బొమ్మ అడుగుల చప్పుడే... టక్... టక్...

నీడ అక్కడే ఉంది.

ఆయన కిటికీ వైపు నడిచాడు. రోజూ కదలనిది... ఈసారి కదిలింది. ఒక అడుగు. ఆయన ఆగితే ఆగింది. నడిస్తే నడిచింది. తడబడుతూ, గోడలకి తగులుకుంటూ, దారి తెలియనిదానిలా ఆయన వెనకే వచ్చింది.

తాళం వేసిన ఇల్లు. ఎత్తని ఫోను. మాట మింగేసిన పక్కింటావిడ...

"అక్కా..." అన్నాడు.

నీడ ఎదురుగా నిలబడింది. ఒక గదిలో మాట ఇంకో గదిలో ఆడేవాళ్ళకి వినపడదు. కింద ఉన్నది వాళ్ళిద్దరే.

"అక్కా, నువ్వేనా? ఏం చేసుకున్నావక్కా? నా మూలంగానేనా?"

నోరులేనిది ఏం చెప్తుంది?

"నేనే అక్కా. పరిచింది తప్పు. అన్నీ ముఖం పైకే పరిచాను. నీకు చెప్పలేదు. కోశాక చూసుకున్నా... చూసుకున్నా కూడా నోరు మెదపలేదు. అందరూ నా మాటే నమ్ముతారని నాకు తెలుసు, అందుకే నీ పేరు చెప్పాను. దొంగని నేనే. పాపిష్టివాణ్ణి." కళ్ళలోంచి నీళ్ళు కారి ఫోను మీద పడుతున్నాయి. "నన్ను ఏం చేసినా సరే... నా పెళ్ళాం బిడ్డల జోలికి మాత్రం పోకు తల్లీ."

"ఏవండీ, ఎవరితో ఆ గుసగుసలు?" పక్కగదిలోంచి భార్య.

"ఎవరూ లేరు, నువ్వు పడుకో."

మళ్ళీ తెర వైపు చూశాడు. ఎదురుగా ఖాళీ. నీడ లేదు.

అప్పుడు మోగింది ఫోను. ఆట పక్కకి పోయి, తెర నిండా పేరు వెలిగింది.

మార్కింగ్ అక్క.

పది రింగులు చూస్తూ కూర్చున్నాడు. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఎత్తకపోతే ఇంట్లో అందరూ లేస్తారు. ఎత్తితే... నొక్కి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

అవతల ఊపిరి... ఎవరో గొంతు సవరించుకున్నారు.

"మాస్టారూ, నేనండీ. ఓనర్ని."

మాస్టరు ఫోను చెవి నుంచి తీసి, తెర మీది పేరు మళ్ళీ చూశాడు.

"ఈ ఫోను నాదే. కొలతలు పంపుకోవడానికి అక్కకి నేనే కొనిచ్చాను. వెళ్ళేరోజు నా టేబుల్ మీద పెట్టి వెళ్ళింది. అదే రాత్రి తొమ్మిదిన్నరకి మోగింది, ఆట మొదలైందని. ఏమిటా అని నొక్కితే ఒక చీకటి గదిలో పడేసింది. అందరి మాటలూ వినపడుతున్నాయి, నేను మాట్లాడదామంటే మాట పోవడం లేదు. నడవడం ఇవాళే చేతనైంది."

సంగతేమిటంటే, ఆటలో జట్టు పేర్లు చూసుకునేది ఇస్త్రీ చెల్లి. అక్క పేరు తీసేయడానికి ఆమెకి మనసొప్పలేదు. ఆటలో లేదు అని గుర్తు పెట్టి ఊరుకుంది. ఆటలో లేనివాళ్ళు లోపలికొస్తే ఆ ఇంట్లో నీడగానే వస్తారని పాపం ఆ అమ్మాయికీ తెలీదు.

"అక్క ఇన్నేళ్ళలో ఒక్క గీత తప్పు గీయలేదు" అంది ఓనరమ్మ. "అందుకే ఆ రోజు నుంచీ నాకు నిద్ర పట్టడం లేదు. మీలో ఎవరైనా నోరు జారతారేమోనని, వచ్చిన ఫోన్లు ఎత్తకుండా, రోజూ వచ్చి వింటున్నా. మీరై ఉంటారని మాత్రం అనుకోలేదు."

"అమ్మా... అక్క?"

"వాళ్ళ చెల్లెలింట్లో ఉంది. షెడ్డువాళ్ళకి చెప్పొద్దని పక్కింటావిడతో అని మరీ వెళ్ళింది. నిక్షేపంలా ఉంది. ఎందుకూ?" అని ఆగింది. "అక్క పోయిందనుకున్నారా?"

ఆయన తల ఊపాడు. ఫోన్లో తల ఊపితే ఎవరికి కనపడుతుంది? అయినా ఆమెకి అర్థమైంది.

"అయితే చచ్చిపోయిందనుకున్నాక చెప్పుకున్నారన్నమాట."

మాస్టరుకి ఉన్నచోటే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. కింద నిలబడింది దెయ్యమే అయినా ఇంతకంటే నయమనిపించింది.

"కొత్తతన్ని రావద్దని ఇప్పుడే చెప్పేస్తా. పొద్దున్న షెడ్డు తీసే వేళకి అక్కని మీరే తీసుకురావాలి. తీసుకొచ్చి, అందరి ముందూ నిలబడి, ఇందాక కింద చెప్పారే, అదంతా చెప్పాలి. అక్క మొహం చూస్తూ. చెప్తారా?"

"చెప్తానమ్మా" అన్నాడు మాస్టరు. పెదవులు కదిలాయి గానీ గొంతు పెగల్లేదు.

"వినపడలేదు మాస్టారూ" అంది ఓనరమ్మ. "కాస్త గట్టిగా చెప్పండి."