అలేఖ్య అనని అవును

"నేను ఆ మాట అనలేదంకుల్, దేవుడి మీద ఒట్టు!"

శాండీఫోర్డ్‌లో లువాస్ ట్రామ్ దిగి పరుగున వచ్చిన అలేఖ్య ఇంకా ఆయాసపడుతోంది. ప్రైవేట్ డిటెక్టివ్ కామేశ్వరరావు ఆమె ఫోన్ అందుకున్నాడు. అసిస్టెంట్ నిస్సీ భుజం మీదుగా తొంగిచూసింది.

అలేఖ్య కార్క్ నగరం దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో సైంటిస్టు. జర్మన్ బాగా వచ్చు. మందుల కొరత మీద జర్మనీ పబ్లిక్ టీవీ పెట్టిన రాజకీయ చర్చకు ఆమెను పిలిచారు. అందులోంచి కోసిన చిన్న ముక్క కార్క్ తెలుగువాళ్ల ఫోన్లన్నీ చుట్టేసింది. "మీ ఫ్యాక్టరీలో పాడైన మందులు దాస్తారా?" అని యాంకర్ అడుగుతుంది. అలేఖ్య తల ఊపుతుంది. "అవును, తరచూ" అని ఆడగొంతు. కింద ఆకుపచ్చ జర్మన్ అక్షరాలు.

"సోమవారం ఎంక్వయిరీ. ఉద్యోగం పోతే వీసా కూడా గోవిందా! మొత్తం ప్రోగ్రాం చూడండి మొర్రో అంటే, గంటసేపు జర్మన్ ఎవరు చూస్తారంటున్నారు."

"మేం చూస్తాం. నువ్వు అర్థం చెప్పు," అన్నాడు కామేశ్వరరావు.

చూస్తున్నంతసేపూ నిస్సీ నోరు తెరిచే ఉంది. మంత్రి, ఒక డాక్టరమ్మ, అలేఖ్య, అందరికీ ఒకే రకం కుర్చీలు! "మీరు చెప్పేది తప్పు" అని అలేఖ్య మొహం మీదే అంటే మంత్రి బుద్ధిగా విన్నాడు. మాత్రలను కంటితో తనిఖీ చేసేవాళ్లకు ఏటా కంటిపరీక్ష ఉండాలని, తమ ఫ్యాక్టరీలోనూ పెట్టిస్తానని కూడా చెప్పిందామె.

"ఓరి నాయనో! ఆ మంత్రి లేచి వెళ్లిపోలేదేంటి సార్?"

"మంత్రిని వదిలెయ్. కింది అక్షరాలు చూడు. చెవులు వినపడనివాళ్ల కోసం ఒక్కొక్కరి మాటా ఒక్కో రంగులో వేస్తున్నారు."

అలేఖ్యది పసుపు. డాక్టరమ్మది ఆకుపచ్చ.

ప్రోగ్రాం లింకు అలేఖ్య కాస్త జర్మన్ వచ్చిన ఇద్దరికే పంపింది: తోటి సైంటిస్టు మధులికకు, మాత్రలు తనిఖీ చేసే దేవదాసుకు. ఆదివారం ఇద్దరినీ అలేఖ్య చేత తన ఇంటికి భోజనానికి పిలిపించాడు కామేశ్వరరావు.

"పెరుగన్నంలోకి అరటిపళ్లు తెమ్మంటే పచ్చి అరటికాయలు తెచ్చావేంటన్నా!" అని మధులిక దేవదాసును ఆటపట్టిస్తోంది.

"లింకు చూశారా?" అడిగాడు కామేశ్వరరావు.

"సగంలో నిద్రపోయానండీ," అంది మధులిక. "మాట్లాడినంతవరకు గ్రాండ్‌గా మాట్లాడింది."

"నేను తెరవనే లేదండి. గ్రూపులో వచ్చిన ముక్కే చూశా," అన్నాడు దేవదాసు.

కామేశ్వరరావు ఆ ముక్కను టీవీలో పెట్టి, "అవును" దగ్గర ఆపాడు. "దేవదాసుగారూ, ఈ మాట ఎవరిది?"

"అలేఖ్యదేగా! తనవన్నీ పసుపు అక్షరాలే."

"పసుపేంటన్నా? అది ఆకుపచ్చ!" అంది మధులిక.



"ఈ ముక్కలో పసుపు అక్షరం ఒక్కటీ లేదు," అన్నాడు కామేశ్వరరావు. "అలేఖ్యది పసుపని మొత్తం చూసినవాళ్లకే తెలుస్తుంది. డాక్టరమ్మ వేరే ప్రశ్నకు చెప్పిన 'అవును'ని, అలేఖ్య వింటూ తల ఊపిన బొమ్మకు అతికించావు. ఇద్దరి రంగూ నీ కంటికి ఒకటే. అందుకే అక్షరాలు ధైర్యంగా ఉంచేశావు. కంటిపరీక్ష పెడితే నీ గుట్టు బయటపడుతుందని భయం. అవునా?"

దేవదాసు చేతులు జోడించాడు. "ఇన్నాళ్లూ తెల్లమాత్రలే కదాని నెట్టుకొచ్చానండీ. ఈ వారమే రంగుమాత్రలు ఇచ్చారు. పిల్లలున్నారు... ఏం చెయ్యను?"

"నాకు చెప్పి ఉంటే వేరే పని ఇప్పించేదాన్ని కదన్నా!" అలేఖ్య ఏడ్చేసింది.

"ముందు మేనేజర్‌కి ఫోన్ చెయ్యమ్మా, నీ ఉద్యోగం నిలబడుతుంది," అంది నిస్సీ.

అలేఖ్య కళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది. "సర్, ఈ వారం తనిఖీ అయిన రంగుమాత్రలు ఒక్కటి కూడా గేటు దాటకూడదు. ఈ రాత్రి లారీలో వెళ్లాల్సినవి ఇప్పుడే ఆపించండి. మళ్లీ చూడాలి."

అవతల ఏదో అడిగారు. నిస్సీ తనకు తెలియకుండానే లేచి నిలబడింది.

"నా ఎంక్వయిరీనా? అది రేపు చూద్దాం సర్. ముందు ఆ లారీ ఆపండి."