పగడాలు వదిలి బురద ఎత్తుకుపోయినవాడు

బురద పోయిందట! సబ్-ఇన్‌స్పెక్టర్ వెంకటరమణప్ప పన్నెండేళ్ళ సర్వీసులో బంగారం పోయింది, ఎద్దులు పోయాయి, ఒకసారి పెళ్ళికొడుకే పోయాడు. బురద పోయిందని కంప్లయింట్ రాసుకోవడం ఇదే మొదలు.

1986 సెప్టెంబర్. వినాయక చవితి మూడో రోజు. ఉదయం 9:20. చింతామణిలో ఒక కాలేజీ, జియాలజీ ల్యాబ్.

తాళం పగల్లేదు. బల్ల మీద మూడు ట్రేలు. పైది, మధ్యది, కిందిది అని చీటీలు. పైదాంట్లో, కిందిదాంట్లో తెల్లటి పగడపు పుల్లలు కుప్పగా ఉన్నాయి. మధ్యది ఖాళీ.

"పగడాలు ఉండనే ఉండాయి కదా మేడమ్?"

ఆ పొద్దున్నే బెంగళూరు నుంచి తిరిగొచ్చిన లెక్చరర్ జలజ మొహం కందగడ్డలా ఉంది. "పగడాలు సగమే సార్, మిగతా సగం బురదే! ఇది వెలుతురు చేరని చల్లని సముద్రంలో లేచిన దిబ్బ. ప్రవాహం తిండీ తెస్తాది, బురదా తెస్తాది. పగడపు కొమ్మలు ఆ బురదను పట్టుకుంటాయి. చచ్చిన కొమ్మల మీద కొత్తవి లేస్తాయి. వేల ఏళ్ళకు కొండంత అవుతాది. ఓడలో పోయి, గొట్టం దించి తెచ్చుకున్నా."

"అయితే?"

"నడుమ ప్రవాహం తగ్గి పగడాలు చచ్చినాయి. ఉత్త బురద పేరుకునింది. ప్రవాహం తిరిగొచ్చినాక దిబ్బ మళ్ళీ పెరిగింది. అదే నా ఆరేళ్ళ థీసిస్. రేపు పదికి ఎగ్జామినర్ ఆ మధ్య బురద చూడాల. లేకుంటే నా డిగ్రీ గోవిందా!"

ఆ దిబ్బ చచ్చింది చచ్చిందేనని ఆమెతో నలుగురిలో వాదించినవాడు లెక్చరర్ భీమసేన. రెండు గంటలు ఆయన బీరువా గాలిస్తే నస్యం డబ్బా దొరికింది.

"వాదించినా, నిజమే. బురద నేనేం చేసుకుంటానప్పా?" అని గయ్యిమన్నాడు భీమసేన.

తాళంచెవి ఉన్న ఇంకొకడు అటెండర్ అశ్వత్థప్ప.

"ఈ వారం ల్యాబ్‌లోకి ఎవరొచ్చినారు?"

"నేను తప్ప ఎవురూ రాలేదు సార్."

"దొంగతనం చేసినావా?"

"దేవుడి తోడు, లేదు సార్!"

మధ్యాహ్నం 3:10. వెంకటరమణప్పకు ఒళ్ళు మండుతోంది. వరండా నిండా జనం. కాలేజీ వినాయకుడి నిమజ్జనం నాలుగింటికి. స్వామి ఒంటి మీద విభూతి పూస్తా ఉండాదని ఊరంతా ఎగబడింది. క్యాంటీన్ మునిరత్నమ్మ ఆయన చేతిలోనూ చిటికెడు పెట్టింది. కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాడు.

ఉప్పు.

మింగలేక, ఉమ్మలేక ఒక్క క్షణం నిలబడిపోయాడు. అప్పుడు వెలిగింది. ముగ్గుర్నీ విగ్రహం ముందుకు పిలిచాడు.

"మన చెరువు మన్ను ఆరితే ఇట్ల ఉప్పు పూయదు. ఇది సముద్రపు బురద. పగడాలు ఎందుకు వదిలినాడని పొద్దున్నుంచి తల బద్దలు కొట్టుకున్నా. వాడు వదల్లేదు, ఏరి పెట్టినాడు! మన్ను పిసికే ముందు రాయీ రప్పా ఏరేది ఎవరు? ఈ బొమ్మ చేసిందెవరు?"

"నేనే సార్" అన్నాడు అశ్వత్థప్ప, బెదరకుండా. "ప్రాక్టికల్ అయిపోయిన మన్ను ఏటా నాకే కదా. అమ్మగారి రాళ్ళు ఏ ట్రేలోవి ఆ ట్రేలోనే పెట్టినా."

"పిసికేసినావా!" జలజ గొంతు చించుకుంది. "వరుసంతా నాశనం చేసినావు కదయ్యా!"

"మూడూ కలిపినావా?" అన్నాడు వెంకటరమణప్ప.

"లేదు సార్. మధ్య ట్రేలో ఒక్క రాయీ తగల్లేదు. నున్నటి మన్ను. దాన్ని విడిగా పెట్టుకుని మొహానికి, తొండానికి వాడినా."

జలజ మాటే నిజమని తేలేసరికి భీమసేన నేల చూపులు చూశాడు. జలజ విగ్రహం వైపు ఒక అడుగు వేసింది. జనం గొణిగారు.

"ఉద్వాసన కానీండమ్మా. స్వామిని కదిలించినాక అది మన్నే. నేనే కోసిస్తా" అన్నాడు అశ్వత్థప్ప.

4:05. పూజారి విగ్రహాన్ని కదిలించాడు. అశ్వత్థప్ప దండం పెట్టుకుని, తీగతో మొహం కోసి ట్రేలో పెట్టాడు. రేపటికి ఇది చాలు. కానీ బురద ఏ పొర తర్వాత ఏ పొర పడిందో చెప్పే వరుస పోయింది, ఇక రాదు. జలజకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఒక్క మాట అడగకూడదా అశ్వత్థప్పా?"

"అడిగినా కదమ్మా! మీరు బెంగళూరు పోయే ముందు దినం. ఈ మన్ను తీసుకోనా అంటే, పగడాల మీద భూతద్దం పెట్టుకుని, తల ఎత్తకుండానే ఊ అన్నారు."



వెంకటరమణప్ప కంప్లయింట్ కాగితం తీశాడు. దొంగ పేరు రాయాల్సిన చోట పెన్ను ఆనించి, ఆమె వైపు చూశాడు.