టైల్స్ కింద మగ్గం సప్పుడు

గద్వాలల మగ్గాలోళ్ల గల్లీ ఉంటది సూడుండ్రి, ఆ గల్లీ చివరిది తిమ్మప్ప ఇల్లు. పొద్దుమూకినంక ఆ ఇంటి ముంగట కుక్క గూడ సక్కగ నడువదు… అవతలి గోడకు రాసుకుంట పోతది. నేను కండ్లార సూసింది కాదు. ఆ గల్లీలోళ్లు చెప్తుంటె విన్న. విన్నది విన్నట్టే చెప్తున్న.

ఏందంటె… సప్పుడు.

టక్… టకటక్… టక్…

మగ్గం సప్పుడు. అదీ తాళమేసిన ఇంట్ల. మగ్గమే లేని ఇంట్ల!

తిమ్మప్ప అదే ఇంట్ల, చీర సగంల ఉండంగ, మగ్గం మీదనే పాణం ఇడిసిండు. నేసేటోడు మగ్గం కింది గుంత అంచుకు కూసోని, కాళ్లు లోపలికి ఇడిసి తొక్కుతడు గద… కాళ్లు ఆ గుంతల ఉండంగనే పోయిండు. తర్వాత మగ్గం ఇప్పి అమ్మేసిండ్రు. గుంత ఉండిపోయింది. సప్పుడు ఉండిపోయింది.

ఇగ ఆ ఇంటిని అమ్మే పని కోడలు స్వరూప మీద పడ్డది. ఆమె మొగుడు భాస్కర్ పూనాల స్లాబు పని చేస్తుండంగ కింద పడి నడుము ఇరగ్గొట్టుకుండు. ఆపరేషన్ ఎంత జల్ది చేపిస్తె అంత మంచిది, ఆలస్యమైతె ఇగ లేసి నడిచేది కష్టం అన్నడు డాక్టర్. మానవపాడుల తల్లిగారింట్ల మొగుణ్ని మంచం మీద పండబెట్టి, ఈమె ఇల్లు అమ్మనీకి వచ్చింది. ఆ ఇల్లు తప్ప వాళ్లకు ఇంకేం లేదు.

వచ్చినోళ్లు వచ్చినట్టే పోతుండ్రు. గల్లీ మలుపు కాడ ఎవరో ఒకరు చెవిల ఊదుతరు. అంతే.

ఇండ్ల బేరాలు కుదిర్చే కురుమయ్య నెత్తి గోక్కున్నడు. “సెల్లె, ఇల్లమ్ముడంటె పెండ్లిచూపుల లెక్క. నువ్వేమో పిల్లను నిద్రల నుంచి లేపి, మొఖం గూడ కడగకుంట తెచ్చి కూసోబెడ్తున్నవ్!”

“ఏం చెయ్యమంటవ్ అన్నా?”

“రంగెయ్యి. తెల్లటి లైట్లు పెట్టు. గడపకు పసుపు, గుమ్మానికి బంతిపూలు. లోపల సాంబ్రాణి పొగ… గబ్బిలాల వాసన పోవాలె. అన్నిటికంటె ముందు ఆ గుంత పూడ్పియ్యి. నడింట్ల గుంత సూస్తె ఎవడన్న ఏమనుకుంటడు? బొంద అనుకుంటడు!”

స్వరూప రెక్కలు ముక్కలు చేసుకున్నది. మొరం మట్టి తెప్పించి, గంపలతోని తానే మోసి గుంతల పోసింది. నీళ్లు సల్లి, కాళ్లతోని తొక్కి తొక్కి గట్టిగ చేసింది. తొక్కుతుంటె ఒక్కసారి మనసు కలుక్కుమన్నది — మామ కూసున్న జాగ గద. కానీ మంచంల ఉన్న భాస్కర్ మొఖం యాదికొచ్చింది. మల్ల తొక్కింది. పైన సిమెంటు, దాని మీద మెరిసే టైల్స్. ఇల్లు నిజంగనే పెండ్లిపిల్ల లెక్క అయ్యింది.

ఆ వారమే రాజోలి నుంచి ఒక ముసలామె వచ్చింది, పేరు లక్ష్మీదేవమ్మ. ఎంట మనుమడు రంజిత్. మనుమడికి రంగు నచ్చింది, లైట్లు నచ్చినయ్. ముసలామె మాత్రం టైల్స్ మీద చెప్పుల్లేని కాలు పెట్టి, జరసేపు అట్లనే నిలబడ్డది.

“పగటి పూట అన్ని ఇండ్లు మంచిగనే ఉంటయ్ బిడ్డ. ఒక రాత్రి ఈడ నిద్ర చేస్తం. నిద్ర పడితె తెల్లారి బయాన పైసలిచ్చి బేరం ఖాయం చేస్తం. పట్టకపోతె లేదు.”

వద్దంటె అనుమానం. సరేనంటె…

“సరే అమ్మా,” అన్నది స్వరూప.

ఆ రాత్రి ఎదురింటి అరుగు మీద కూసున్నరు, స్వరూప, కురుమయ్య. గల్లీల లైట్లన్ని ఒక్కటొక్కటె ఆరిపోయినయ్. గాలి లేదు. ఆకు కదలలే…

“గుంత పూడ్చినం గద సెల్లె, ఇగ ఏం రాదు,” అన్నడు కురుమయ్య. ఆ మాట నోట్లె ఉండంగనే—

టక్.

ఇద్దరూ ఒకరి మొఖం ఒకరు సూసుకున్నరు.

టకటక్… టక్…

“సెల్లె… మా ఇంట్ల బర్రె ఈనేటట్టున్నది… నేను పోయొస్త…”

“అన్నా, మీకు బర్రెనే లేదు గద!”

అప్పటికె ఆయన మలుపు దాటిండు.

స్వరూప ఒక్కతె. సప్పుడు మాత్రం ఆగుతలేదు. ఇంక కొంచెమైతె ముసలామె లేస్తది. లేస్తె ఉరుకుతది. ఉరికితె… భాస్కర్ ఇగ మంచం దిగడు. గా ఒక్క మాటనె ఆమెను అరుగు మీది నుంచి లేపింది. గల్లీ దాటి, గోడ పట్టుకొని, కిటికీ కాడికి పోయింది.

లోపల సన్న బల్బు వెలుగు. ఒక దిక్కు రంజిత్, ఒక దిక్కు ముసలామె, ఇద్దరూ పండుకోని ఉన్నరు. నడుమ టైల్స్ తళతళ మెరుస్తున్నయ్. వాటి మీద ఎవ్వరూ లేరు. సప్పుడు మాత్రం… టైల్స్ కింది నుంచి వస్తున్నది.

స్వరూప కిటికీ చువ్వలకు మొఖం ఆనిచ్చి, గుసగుసగ అన్నది—

“మామా… నీ కాళ్లు మొక్కుత… ఈ ఒక్క రాత్రి ఊకో. నీ కొడుకు కోసం మామా…”

టక్…

ఆగిపోయింది.

ఎట్ల ఆగిందంటె, నేస్తున్న చెయ్యి ఎవరో పిలిస్తె ఆగినట్టు… సగంల.

తెల్లారేదాక ఇగ ఏ సప్పుడూ లేదు. కోళ్లు కూసినయ్. స్వరూప మొఖం కడుక్కొని, చాయ పెట్టి, పాణం గుప్పిట్ల పెట్టుకొని తీస్కపోయింది.

“నిద్ర పట్టిందా అమ్మా?”

రంజిత్ ఒళ్లు ఇరుసుకున్నడు. “మస్తు పట్టింది అక్కా. సూది పడ్డా ఇనొస్తది, అంత సైలెంటు.”

“నీకేం ఇనొస్తదిరా, చెవులల్ల ఫోను వైర్లు కుక్కుకొని పండుకుంటివి,” అన్నది ముసలామె. తర్వాత స్వరూప దిక్కు తిరిగింది. “నాకు సగం రాత్రి దాక పట్టింది బిడ్డ. రాజోలిల మా మగ్గం వరదల కొట్టుకపోయినకాన్నుంచి నాకు నిద్రనె లేదు. ఆ సప్పుడు ఇనుకుంట పండుకున్న పాణం గద. రాత్రి ఇన్నేండ్లకు హాయిగ కన్ను మలిగింది.”

స్వరూప చాయ గ్లాసు కింద పెట్టింది.

“ఎందుకు ఆపినవ్?” అని అడిగింది ముసలామె.

“అమ్మా… నేను…”

“మామా, ఊకో అన్నది నువ్వే గద? పాపం… చీర చివరి అంచు కాడికి వచ్చిండు. నువ్వు అనంగనె, అటీటు ఇసిరే నాడె చేతిల పట్టుకోని, తెల్లారేదాక అట్లనే కూసుండె.”

రంజిత్ మొఖంల నెత్తురు లేదు. “నాయినమ్మా… లే… పోదాం.”

“యాడికిరా పోయేది? గడ్డపార తే. బయాన ఇచ్చే ముందు గుంత సూడాలె.”

రంజిత్ గడ్డపార తెచ్చిండు. టైల్స్ మధ్యల సిమెంటు ఎక్కడా పగల్లేదు, ఏసింది ఏసినట్టే ఉన్నది. నడిమి టైలు కింద గడ్డపార పెట్టి, కింది సిమెంటు పెళ్లతోని సహా లేపిండు. ఇంకొకటి. ఇంకొకటి…

కింద మొరం లేదు.

పిడికెడు గూడ లేదు. గుంత ఉట్టిది. అడుగు అలికి, ఊడ్చి, నున్నగ ఉన్నది.

“నేనే పోసిన,” అన్నది స్వరూప. “నా కాళ్లతోనే తొక్కిన…”

లక్ష్మీదేవమ్మ నడుం నుంచి సంచి తీసింది. మనుమడి చేతిల పెట్టింది. “ముందు బయాన ఆమె చేతికియ్యి. దవాఖాన పని ఆగొద్దు.”

దవాఖాన సంగతి స్వరూప ఆమెకు చెప్పనే లేదు.

ముసలామె మెల్లగ గుంత అంచుకు కూసున్నది. కాళ్లు లోపలికి ఇడిసింది. ఇడిసి… చీర కొంగు సర్దుకొని… జర పక్కకు జరిగింది.

ఎవరికో జాగ ఇచ్చినట్టు.